అధ్యయన నైపుణ్యం, ఉద్యోగ సంసిద్ధత

"విద్యార్థి" సంస్కృతం నుండి వచ్చిన మాట. విద్యను కోరి వచ్చినవాడని దాని అర్థం. ఉర్దూలో మనం వాడే "తాలిబె ఇల్మ్" అరబ్బీ మాటలతో ఏర్పడినది. జ్ఞానాన్ని కోరువాడనే దాని అర్థం కూడా. ఎక్కడెక్కడో పుట్టిన ఈ రెండు మాటలూ ఒక విషయంలో ఏకీభవిస్తున్నవి. చదువు ఒకరు పోసిపెట్టేది కాదు, వెదకి తెచ్చుకోవలసినది. అయితే వెదకడం ఎలాగో నేర్పే గంట మన టైంటేబిలులో ఎక్కడ ఉన్నది? చరిత్ర అధ్యాపకుడు చరిత్ర చెబుతాడు, రసాయనశాస్త్రం వారు రసాయనశాస్త్రం చెబుతారు. పుస్తకం ఎలా చదవాలి, నోట్సు ఎలా వ్రాసుకోవాలి, విన్నదాన్ని నెల తరువాత కూడా ఎలా నిలుపుకోవాలి అన్నది ఎవరి పాఠమూ కాదు. అది విద్యార్థికి ఎలాగో తెలిసి ఉంటుందని అందరమూ అనుకుంటాము.

ఈ లోటును పైవారు గుర్తించకపోలేదు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2019లో "జీవన్ కౌశల్" పేరిట డిగ్రీ విద్యార్థుల కొరకు ఒక పాఠ్యప్రణాళికను వెలువరించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరం నుండి జీవన నైపుణ్య కోర్సులు, నైపుణ్యాభివృద్ధి కోర్సులు డిగ్రీలో భాగమైనవి. భావవ్యక్తీకరణ, విశ్లేషణ నైపుణ్యం, సమాచార సాంకేతికత మొదటి తరగతికి చెందినవి. సర్వే చేసి నివేదిక వ్రాయడం, పత్రికా రచన, బీమా, నర్సరీ మొక్కల పెంపకం, పండ్లు కూరగాయల నిల్వ వంటివి రెండవ తరగతికి చెందినవి. వేసవి సెలవులలో సమాజ సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ కూడా చేరినవి. 2023-24లో డిగ్రీ స్వరూపం మారి ఒకే ప్రధాన విషయం పద్ధతి వచ్చినప్పటికీ, నైపుణ్య కోర్సులు తొలగిపోలేదు. ఉద్దేశం మంచిదే. పేర్లు కూడా బాగున్నవి.

లోపమంతా ఆచరణలో ఉన్నది. ఈ కోర్సులకు వారానికి రెండు గంటలు, సెమిస్టరుకు సుమారు ముప్పై గంటలు. ఆ ముప్పై గంటలూ సాధారణ పాఠాల వెంటబడి పోతున్నవి. పరీక్ష దగ్గరకు రాగానే బజారులో సన్నని గైడు దొరుకుతుంది. "సర్వే అనగానేమి? దాని రకములను వివరింపుము" అన్న ప్రశ్నకు, జీవితంలో ఒక్క గడప ఎక్కి ఒక్క ప్రశ్న అడగని విద్యార్థి నాలుగు పుటల సమాధానం వ్రాసి మంచి మార్కులు తెచ్చుకుంటున్నాడు. ఈత గురించి వ్యాసం వ్రాసి ఈతలో ఉత్తీర్ణుడు కావడం వంటిది ఇది. బట్టీ పట్టడాన్ని మాన్పించవలసిన కోర్సును బట్టీ పట్టి గట్టెక్కుతున్నామంటే, దాన్ని పెట్టిన ప్రయోజనమే నెరవేరలేదన్నమాట.

అసలు అధ్యయన నైపుణ్యం అంటే ఏమిటో కొంచెం నిదానంగా చూద్దాం. జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల కూర్పులను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నదీ లెక్కకట్టి 1885లో ప్రకటించాడు. మరపు మొదట్లో అతి వేగంగాను, తరువాత మెల్లగాను సాగుతుందని తేలినది. అంతకంటె మనకు దగ్గరగా ఉన్న పరిశోధన మరొకటి కలదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కళాశాల విద్యార్థులకు ఒక గద్యభాగం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు మార్లు చదివినది. మరొక జట్టు ఒక్కసారి చదివి, తరువాత మూడు మార్లు కాగితం చూడకుండా జ్ఞాపకం ఉన్నంతా వ్రాసినది. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే నాలుగు మార్లు చదివినవారిదే పైచేయి: వారికి 83 శాతం, వీరికి 71 శాతం గుర్తున్నది. వారం గడిచిన తరువాత లెక్క తారుమారైనది. చదివినవారికి మిగిలినది 40 శాతం, చూడకుండా వ్రాసినవారికి 61 శాతం.

పరీక్ష ముందు రాత్రి పుస్తకాన్ని తిరగేసి తిరగేసి "అంతా వచ్చేసింది" అనుకునే మన అలవాటు ఎందుకు మోసం చేస్తుందో ఈ అంకెలు చెబుతున్నవి. మళ్లీ మళ్లీ చదివినప్పుడు వాక్యాలు కంటికి పరిచయమవుతవి. పరిచయాన్ని జ్ఞానమని మనసు పొరపడుతుంది.

ఇది అమెరికా వారు మనకు కొత్తగా నేర్పవలసిన సంగతి కాదని నా అభిప్రాయం. వీధిబడిలో పిల్లవాడు పలక పక్కన పెట్టి, పంతులుగారి ఎదుట చేతులు కట్టుకుని ఎక్కాలు ఒప్పజెప్పేవాడు. మదర్సాలో "సబక్ సునానా" అన్నా అదే. ఖురాన్ కంఠస్థం చేసే హాఫిజ్ విద్యార్థి కొత్త పాఠంతో పాటు పాత పాఠాన్ని కూడా ప్రతిదినం ఉస్తాదుకు వినిపించక తప్పదు. చదవడం వేరు, ఒప్పజెప్పడం వేరు అని మన పెద్దలకు తెలుసు. అర్థం తెలియని "రట్టా"ను నిందించడం న్యాయమే గాని, దానితో పాటు ఒప్పజెప్పడాన్ని కూడా బయట పారవేశాం. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబిన్సన్ 1946లో ప్రచురించిన అధ్యయన పద్ధతి ఎంతో ప్రసిద్ధం. అధ్యాయాన్ని పైపైన చూడడం, ప్రశ్నలు వేసుకోవడం, చదవడం, పుస్తకం మూసి చెప్పుకోవడం, కొన్నాళ్లకు తిరిగి చూడడం అని అందులో ఐదు మెట్లు. నాలుగవ మెట్టుకు తెలుగు మాట వెదకనక్కరలేదు గదా!

ఇక నోట్సు విషయం. మన కళాశాలలో ఇంటర్మీడియట్ ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవారు, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారు ఒకే బెంచీపై కూర్చుని ఇంగ్లీషు పాఠ్యపుస్తకం తెరుస్తారు. నోట్సు పుటకు ఎడమవైపు వెడల్పైన మార్జిను విడిచి, అందులో ముఖ్యమైన మాటలు, ప్రశ్నలు వ్రాసుకునే పద్ధతిని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ ప్రచారంలోకి తెచ్చాడు. ఆ మార్జిను మన పిల్లలకు మూడు భాషల గడి కావాలి. "ఇన్‌ఫ్లేషన్" అన్న మాట అర్థశాస్త్రంలో వస్తుంది. ఊది ఉబ్బించడమని ఆ ఇంగ్లీషు మాటకు మూలార్థం. బుడగ కనిపిస్తుంది గాని డబ్బు కనిపించదు. తెలుగులో ద్రవ్యోల్బణం, ఉర్దూలో ఇఫ్రాతె జర్. రెండింటిలోను ధనం మితిమీరడమే ఉన్నది. మూడు మాటలనూ పక్కపక్కన వ్రాసుకున్న విద్యార్థికి నిర్వచనం బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది. భాషల సంఖ్యను భారంగా లెక్కించే మనకు అది సాధనం కాగలదు.

ఉద్యోగం వైపు చూచినా ఇదే మాట చెప్పవలసి ఉన్నది. తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష అయినది. తెలంగాణలో 2018లో 66 మంది ఉర్దూ అధికారుల నియామకం జరిగినది; ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషుల నడుమ అనువాదం వారి పనిలో ప్రధానం. పోస్టులు కొద్దివే, కాదనను. కాని పత్రికలలో, న్యాయవాదుల వద్ద, బ్యాంకులలో, ఆసుపత్రులలో ఒక భాషలో విన్నది మరొక భాషలో తప్పు లేకుండా వ్రాయగలవాని అవసరం తరచు కనిపిస్తూనే ఉంటుంది. మనవారిలో మూడు భాషలూ మాట్లాడేవారికి కొదువ లేదు. మూడింటిలోను ఒక అర్జీని శుద్ధంగా వ్రాయగలవారు అరుదు. ఉద్యోగ సంసిద్ధత అనగానే టై కట్టుకుని కరచాలనం చేయడం నేర్పే ఉపన్యాసాలకంటె, ఒక ఉద్యోగ ప్రకటనను చదివి అర్హతలేమిటి, గడువెప్పుడు, జతపరచవలసిన పత్రాలేవి అని రాబట్టి దరఖాస్తు వ్రాయించడం మేలు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. విశ్వవిద్యాలయ పరీక్షాపత్రం మన చేతిలో లేదు. ఆ ముప్పై గంటలు మన చేతిలో ఉన్నవి. వాటిని మధ్యాహ్నం చివరి గంటలకు, ఖాళీగా ఉన్న అధ్యాపకునికి అప్పగించే ఆచారం మానాలి. విషయం బోధించే అధ్యాపకుడే తన పాఠాన్ని పట్టుకుని చదివే పద్ధతి నేర్పాలి. వాణిజ్యశాస్త్రం చదివే పద్ధతి, కవిత్వం చదివే పద్ధతి ఒకటి కావు. సర్వే కోర్సు తీసుకున్నవారిని పదిమందికొక జట్టుగా మన పట్టణంలోని కుట్టుపనివారి వద్దకో, పండ్ల బండ్ల వారి వద్దకో పంపి, ఇరవై కుటుంబాల వివరాలతో మూడు పుటల నివేదిక వ్రాయించి, అంతర్గత మార్కులు దానికే ఇవ్వాలి. ఆ నివేదికను తరగతి ఎదుట కాగితం చూడకుండా ఐదు నిమిషాలు చెప్పించాలి. ఇంటర్వ్యూకు అంతకు మించిన తాలీము లేదు. దీనికి కొత్త భవనం అక్కరలేదు. గ్రంథాలయం సాయంత్రం మరొక గంట తెరచి ఉంచడం, ఉర్దూ-తెలుగు, ఇంగ్లీషు-ఉర్దూ, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు నాలుగేసి ప్రతులు బీరువాలో గాక బల్ల మీద ఉంచడం, ఈ రెండూ చాలు.