డేగ పెట్ట కోలుకోవాలంటే

చిరంజీవి మల్లికి,

నీ డేగ పెట్టను కుక్క పట్టిందని రాత్రి ఫోనులో నువ్వు ఏడుస్తూ ఉంటే నేను చెప్పినవి సగమే నీ చెవిన పడి ఉంటాయి. అందుకే అన్నీ కాగితం మీద పెడుతున్నాను. పొలం పని మీద వచ్చిన మీ నాన్న ఇప్పుడే తిరుగు బస్సుకు బయల్దేరుతున్నాడు, వాడి చేతికి ఈ ఉత్తరంతో పాటు గాజుగుడ్డ, దూది, పావిడోన్ అయోడిన్ సీసా, సూది లేని సిరంజి ఇచ్చి పంపుతున్నాను.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసినన్నాళ్లూ కుక్క పట్టిన కోళ్లను, పిల్లి పట్టిన కోళ్లను తెచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. వచ్చిన ప్రతివాళ్లూ ముందుగా అడిగేది, గాయానికి ఏం రాయమంటారని. నేను ముందు కోడి కాళ్లు పట్టుకుని చూసేవాణ్ణి, వెచ్చగా ఉన్నాయా లేదా అని. మన ఒంటి వేడి 37 డిగ్రీలైతే కోడిది 41, 42 ఉంటుంది. కుక్క నోట్లోంచి బయటపడ్డ కోడికి కాస్త రక్తం పోయినా, ఆ భయానికీ నొప్పికీ ఒళ్లు చల్లబడిపోతుంది. రెండు కిలోల పెట్టలో ఉండే రక్తమంతా కలిపినా ఒక టీ గ్లాసుకు మించదు. పైకి చెప్పుకోదగ్గ దెబ్బ కనపడని కోళ్లు కూడా తెల్లారేసరికి చచ్చిపడి ఉండడానికి చాలాసార్లు ఇదే కారణం.

కాబట్టి ఈ రాత్రి కూడా అట్టపెట్టెలోనే ఉంచు. అడుగున పాత చీర మడతలు పరిచి, వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి ఒక్క పక్కనే పెట్టు. ఎక్కువ అనిపిస్తే రెండో పక్కకు జరగడానికి దానికి చోటుండాలి. ముక్కు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని అర్థం. పెట్టె మీద గాలి ఆడే గుడ్డ కప్పి, టీవీకీ పిల్లల అల్లరికీ దూరంగా చీకటి గదిలో పెట్టు.

ఇంకో మాట, నొచ్చుకోకు తల్లీ. చాలాసేపు ఒళ్లో పెట్టుకుని నిమిరానన్నావు. నీ ప్రేమ నాకు తెలుసు. కానీ ఎంత మచ్చికైన పెట్టయినా, ఒక జంతువు నోట పట్టుబడిన రోజున ఏ చెయ్యి పట్టుకున్నా బెదురుతుంది. పైగా మనకు ఊపిరి ఆడించే పొర కోడికి లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కీ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. గుండెలకు గట్టిగా హత్తుకుంటే ఊపిరి అందదు. నువ్వు చెయ్యగలిగినదాంట్లో పెద్దది, గంటకోసారి గుడ్డ కొంచెం ఎత్తి చూసి మళ్లీ కప్పేయడం. కోడి తన బాధ బయటపెట్టదు. మందలో నీరసం చూపించినదాన్ని తోటి కోళ్లే పొడుస్తాయి. అందుకే అది బాగానే నిలబడిందని సంబరపడిపోకు, కదలకుండా కూర్చుందని ఆశ వదులుకోకు. మేత ముడుతోందా, రెట్ట వేస్తోందా, అవే నీకు గుర్తులు.

పగటి వెలుతురులో ఒక్కసారి, అమ్మ సాయం పట్టుకుని, ఒళ్లంతా వెతుకు. కుక్క పంటి గాటు పైకి చిన్న చుక్క, లోపల కండ నలిగిపోయి ఉంటుంది. రెక్కల కింద, వీపు మీద, తొడల వెనక, తోక కింద చూడు. ఈకలు తడిసి అంటుకుపోయిన చోట దెబ్బ ఉంటుంది. అక్కడి ఈకలు కత్తెరతో కత్తిరించు. పీకకు, కోడి చర్మం చాలా పల్చన, చిరిగిపోతుంది. కాచి చల్లార్చిన గోరువెచ్చని లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాన్నర, కలిపి సిరంజితో మెల్లగా కడుగు. తర్వాత పావిడోన్ అయోడిన్ చుక్కలు నీళ్లలో వేసి పల్చటి టీ రంగుకు తెచ్చి అద్దు. వీపు మీద గాని పక్కటెముకల దగ్గర గాని లోతైన గాటు ఉండి అందులోంచి గాలి బుడగలు వస్తుంటే మాత్రం నీళ్లు పొయ్యకు. కోడి ఒంట్లో ఊపిరితిత్తులే కాక గాలి సంచులు కూడా ఉంటాయి, నీళ్లు అందులోకి పోతాయి. చర్మం కింద గాలి చేరి ఉబ్బి, నొక్కితే చిటచిటమన్నా అదే సంగతి. సూదితో గుచ్చే సాహసం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి.

పక్కింటి మామ్మగారు పసుపూ నూనే పట్టించమన్నారట. ఆవిడ మంచికోరే చెప్పారు గాని, వద్దను. లోతు గాయం మీద పొడి అద్దితే పైన పెచ్చు కడుతుంది, లోపల చీము చేరుతుంది. నూనె తగిలిన ఈకలు వెచ్చదనాన్ని నిలపలేవు. కిరోసిన్, సున్నం, పశువులకు పురుగుపడితే పోసే టర్పెంటైన్, ఇవేవీ దగ్గరకు రానివ్వకు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర ముక్క చేసి వెయ్యడం అంతకన్నా ప్రమాదం. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్లే మన దేశంలో రాబందులు తుడిచిపెట్టుకుపోయే స్థితికొచ్చాయి. 2006లో పశువుల వాడకానికి దాన్ని నిషేధించారు. పక్షి ఒంటికి ఏ నొప్పి మందు పడుతుందో, ఎంత బరువుకు ఎంతో డాక్టరే చెప్పాలి.

అందుకే రేపు పొద్దున్నే డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్లు. కుక్క, పిల్లి పంటి మీద ఉండే క్రిములు గాటు లోపల పెరిగి రెండు రోజుల్లో ఒళ్లంతా పాకిపోతాయి. పిల్లి కాటైతే మరీ. యాంటీబయాటిక్ తప్పదు. వెళ్లే ముందు కూరగాయల తక్కెడలో బరువు తూచుకుని వెళ్లు, మోతాదుకు కావాలి. బండి దొరక్కపోతే 1962కు ఫోన్ చేసి అడగండి, సంచార పశువైద్య వాహనాల నంబరు అది. మందు వాడుతున్నన్ని రోజులూ, ఆ తర్వాత డాక్టరు చెప్పినన్ని రోజులూ దాని గుడ్లు ఎవరూ తినకూడదు. ఎలాగూ కొన్ని వారాలు గుడ్డు పెట్టడం మానేస్తుంది, కంగారుపడకు.

నీ చేతుల మాట మర్చిపోకు. కుక్క చొంగ తడిసిన ఈకలు పట్టుకున్నావు. చేతి మీద గీరుడో పుండో ఉంటే సబ్బుతో పావుగంట పారే నీళ్లలో కడుక్కుని, కోడిని చూపించడమే కాదు, నువ్వు కూడా మనుషుల ఆసుపత్రికి వెళ్లి కుక్కకాటు టీకా సంగతి అడుగు. ఇందులో బద్ధకం పనికిరాదు.

మేత కంటే ముందు నీళ్లు. ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు చిన్న గిన్నెలో పెట్టు. తాగకపోతే ముక్కు పక్కన చుక్కచుక్కగా తాకించు, అదే మింగుతుంది. గొంతులోకి పొయ్యకు. నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం నోరు ఉంటుంది. తర్వాత మెత్తగా తడిపిన దాణా, చిదిమిన ఉడికించిన గుడ్డు. పొద్దున్నే మెడ కింద మేత సంచి తడిమి చూడు, రాత్రి తిన్నది అరిగి ఖాళీ అయి ఉండాలి. గాయం దగ్గర ఈగ వాలనివ్వకు. ఒక్క రోజులో పురుగు పడుతుంది. పెట్టె మీద దోమతెర కట్టు. రెండు మూడు రోజులకు దెబ్బ చుట్టూ చర్మం ఆకుపచ్చగా కనిపిస్తే కుళ్లిపోయిందని హడలిపోకు. మనకు కమిలిన చోట నీలం రంగు తేలితే కోడికి ఆకుపచ్చ తేలుతుంది. చెడు వాసన వస్తే, నల్లబడితే అప్పుడు భయపడాలి.

కోసెయ్యమని చెప్పేవాళ్లు ఈ వారమంతా వస్తారు. వినకు. కానీ కాళ్లు రెండూ చచ్చుబడో, పేగు బయటపడో, ఇక లేవదని డాక్టరు అంటే, బాధ లేకుండా సాగనంపమని ఆయన్నే అడుగు. అదీ పెంచినవాళ్ల బాధ్యతే.

కాస్త తేరుకున్నాక జాలీ పెట్టెలో పెట్టి మిగతా కోళ్ల ఎదుట ఉంచు. ఎర్రటి పుండు కనిపిస్తే పొడిచి చంపుతాయి గనక, చర్మం పూర్తిగా మూసుకునేదాకా కలపకు. కలిపేటప్పుడు చీకటి పడ్డాక, అవన్నీ నిద్రకు చేరాక మెల్లగా పక్కన కూర్చోబెట్టు. ఊడిన ఈకలు కొన్ని వారాల్లో వస్తాయి. కత్తిరించినవి ఈక మార్చే కాలం దాకా రావు.

గూడు పని మాత్రం మీ నాన్న దిగిన రోజే చెయ్యాలి. రుచి మరిగిన కుక్క మళ్లీ వస్తుంది. ఇప్పుడున్న పల్చటి కోళ్ల జాలీని అది పళ్లతో చింపగలదు. అరంగుళం కన్నుల వెల్డెడ్ మెష్ తెచ్చి, అడుగు లోతు నేలలోకి దించి బిగించమను. ముంగిస పగలే వస్తుంది, అడవిపిల్లి ఏ వేళనైనా వస్తుంది, కాబట్టి తలుపు రెండు పూటలా చూడు. విషం పెడదామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. ముంగిసనూ అడవిపిల్లినీ చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కుక్కకు పెట్టిన విషం కూడా నేరమే, దాన్ని కాకి తింటుంది, మీ కోళ్లూ తింటాయి.

డాక్టరు ఏ మందు రాశారో చీటీ ఫొటో తీసి పంపు.

ఇట్లు,
పెదనాన్న