గురువు తొలగినను నిలుచు బోధ

బోధ చెప్పువాని నోట పుట్టును. వినువాని నడతయందు పండును. ఈ రెంటి నడుమనున్న దూరమును తగ్గించువాడే గురువు. వాగ్ధాటిగల ఉపన్యాసకులు లోకమున పెక్కురు కలరు. సభ ముగియగనే వారి మాటలు చప్పట్లతోపాటు గాలిలో కలిసిపోవును. అట్లుగాక, సభ ముగిసిన పిదపనే పని ప్రారంభించు మాటలును కొన్ని కలవు. అట్టి మాటలు పలికినవారిలో విజయపుర జ్ఞానయోగాశ్రమమునకు చెందిన శ్రీ సిద్ధేశ్వర స్వామివారు ముఖ్యులు. ఉత్తర కర్ణాటక ప్రజలు నడచు దేవుడని కొనియాడిన ఆ మహనీయులు 2023 జనవరి 2వ తేదీన లింగైక్యులైరి. వారి జీవితమును విద్యాదృష్టితో పరిశీలించినచో ఉపాధ్యాయులకును, తల్లిదండ్రులకును, మఠములకును ఉపకరించు పాఠములు లభించును.

మొదటి పాఠము వినుట. స్వామివారు విజయపుర జిల్లా బిజ్జరగి గ్రామమున జన్మించిరి. బసవేశ్వరుని జన్మస్థలమైన బాగేవాడియు ఈ జిల్లాలోనిదే. వేదాంతకేసరి మల్లికార్జున స్వామివారు వీరికి గురువులు. శిష్యులు గురుప్రవచనములను విని ఊరకుండలేదు. సిద్ధాంత శిఖామణిపై గురువుగారు పలికిన మాటలను కూర్చి గ్రంథరూపమునకు తెచ్చిరి. కొల్హాపురమున తత్త్వశాస్త్రము చదివి ఎం.ఏ. పట్టమును కూడ పొందిరి. వేలాది జనులను కదలించిన ఆ వాక్కునకు మూలము ఇదియే: చెప్పుటకు ముందు వారు వినుట నేర్చిరి. విన్నదానిని మరల తన చేతితో వ్రాయునప్పుడు తనకు తెలిసినదెంత, తెలియనిదెంత అను విషయము శిష్యునికే బయలుపడును. నేటి తరగతిలో గురువు చెప్పును, బాలుడు తల యూపును. అంతటితో పాఠము ముగిసినదని ఇరువురును తలంతురు. “నీవు విన్నదానిని నీ మాటలలో చెప్పుము” అని అడిగినప్పుడే అసలు పాఠము మొదలగును.

రెండవ పాఠము వినువాని భాష. స్వామివారు ఎన్నుకొనిన విషయములు తేలికైనవి కావు. ఉపనిషత్తులు, భగవద్గీత, పతంజలి యోగసూత్రములు, అల్లమప్రభువు వచనములు మొదలగునవి పండితులకును కొరుకుడుపడనివి. అయినను వారి సభలలో సేద్యగాండ్రును, వర్తకులును, పట్టభద్రులును ఒకే చాపపై కూర్చుండి వినుచుండిరి. కన్నడము, మరాఠీ, హిందీ, ఆంగ్లము అను భాషలలో వారు ప్రసంగింపగలిగిరి. కాని ఏ భాషలో పలికినను, చెట్టు, పొలము, వాన, పక్షి వంటి కంటి యెదుటి వస్తువులనుండియే తత్త్వమునకు దారి తీయుచుండిరి. తెలిసినదాని చేయి పట్టుకొని తెలియనిదాని యొద్దకు పోవుటయే బోధనాక్రమము. ఈ మార్గము మన తెలుగువారికి క్రొత్తది కాదు. పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును జాను తెనుగున, ద్విపదలో రచించుటకు కారణమును ఇదియే: భక్తుల కథ భక్తుల నాలుకపై ఆడవలెను. 1369లో భీమకవి దానిని కన్నడమునకు మార్చెను. జనులకొరకు వ్రాయబడినది కనుకనే ఆ కావ్యము భాష యెల్లను దాటగలిగెను.

మూడవ పాఠము నిదానము. స్వామివారి ప్రవచనములు ఒక్కొక్క ఊరిలో నెలదినములు సాగుచుండెడివి. గొంతు హెచ్చించుట, పరమతమును దూషించుట, నవ్వించి చప్పట్లు కొట్టించుట వారి పద్ధతి కాదు. ప్రతిదినమును నియమిత సమయమునకు ప్రారంభము, నియమిత సమయమునకు ముగింపు. ఒక్కనాడు కుండపోతగా కురిసిన వాన ఏరై పారిపోవును. నెలదినములు కురిసిన తుంపర వేరునకు దిగును. మఠములలో పిల్లలకు వచనములు నేర్పువారు ఒకే వేసవిలో నూరు వచనములు వల్లె వేయించుటకంటె, వారమునకొక వచనమును నేర్పి, ఆ వారమంతయు దానిని ఇంటిలో ఆచరింపజేయుట మేలు.

నాలుగవ పాఠము ఆచరణము. స్వామివారి తెల్లని చొక్కాకు జేబు ఉండెడిది కాదు. అపరిగ్రహమును గూర్చి గంటసేపు చెప్పవలసిన మాటను ఆ చొక్కాయే చెప్పెను. 2018లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమును ప్రకటింపగా, సన్న్యాసికి బిరుదముల యెడ ఆసక్తి లేదని ప్రధానమంత్రికి వినయముతో లేఖ వ్రాసి వారు దానిని స్వీకరింపలేదు. పిల్లలు గురువు మాటను చెవితో విందురు, గురువు నడతను కంటితో చదువుదురు. ఈ రెండును విభేదించినప్పుడు వారు కన్నునే నమ్ముదురు. తాను అసత్యమాడుచు సత్యమును బోధించు తండ్రియు, తాను పుస్తకము తెరువక చదువుమని గద్దించు ఉపాధ్యాయుడును ఈ సత్యమును మరువరాదు.

చివరి పాఠము అన్నిటికంటె కఠినమైనది. 2014 గురుపూర్ణిమనాడు వ్రాసిన అభివందన పత్రమున స్వామివారు తమ దేహమును భూమిలో ఉంచక అగ్నికి అర్పింపుమనియు, భస్మమును నదిలోనో సముద్రములోనో కలుపుమనియు, స్మారకము నిర్మింపవలదనియు కోరిరి. ఆ కోరిక ప్రకారమే అంత్యక్రియలు జరిగెను. సమాధి సంప్రదాయము గల లింగాయత సమాజమున ఇది పలువురిని ఆలోచింపజేసినది. స్వామివారు సంప్రదాయమును ఖండింపలేదు, ఇతరులను శాసింపలేదు. తమ దేహమునకు మాత్రమే ఆ విధిని నిర్ణయించుకొనిరి. తమ పేరిట ఒక కట్టడము లేచినచో జనులు బోధను విడిచి కట్టడమును పట్టుకొందురని దీనినుండి గ్రహింపవచ్చును. స్థావరముకంటె జంగమమే మిన్న యను బసవ సిద్ధాంతమునకు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము వేరొకటి యేల?

తన్ను శాశ్వతముగా ఆశ్రయించి యుండు శిష్యుని తయారుచేయుట గురుత్వము కాదు. తాను లేనినాడును నడువగల శిష్యుని తయారుచేయుటయే గురుత్వము. కాయకమును గూర్చి పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు దాని నిర్వచనమును ఒప్పజెప్పించుకొని తృప్తిపడరాదు. మీ ఇంటిలో ఎవరు ఏ పని చేయుదురు, ఆ పనిలో నీవు ఈ వారము ఏమి తోడ్పడితివి అని బాలుని అడుగవలెను. దాసోహమును బోధించిన తల్లి, పంచిపెట్టు పనిని బిడ్డ చేతికే అప్పగింపవలెను. ఉపాధ్యాయుడు సెలవుపై నున్న దినమున తరగతి ఎట్లుండునో, తల్లిదండ్రులు ఊరిలో లేని దినమున బిడ్డ ఇష్టలింగపూజ ఎట్లు సాగునో, అదియే వారు చెప్పిన పాఠమునకు నిజమైన పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గిన బోధకు వేరొక స్మారకముతో పని లేదు.