రైతు సంఘమునకు సామర్థ్య పటము

పొలమునకు పటము ఉన్నట్లే రైతు సంఘమునకును ఒక పటము గీయవచ్చును. పొలము పటములో గట్టు, బావి, దారి కనిపించును. సంఘము పటములో మనము ఏమేమి చేయగలము, ఎంత బాగుగా చేయగలము అను సంగతి తెలియును. పెద్ద కంపెనీలవారు పెట్టుబడి ఎక్కడ పెట్టవలెనో తేల్చుకొనుటకు దీనిని వాడుచున్నారు. 2002లో కంపెనీల చట్టమును సవరించి రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు వీలు కల్పించిన తరువాత ఇది మనకును అవసరమైనది. సభ్యుల వాటా ధనము ఒకసారి తప్పుచోట పడినచో తిరిగి రాబట్టుట కష్టము.

హైదరాబాదుకు ఈశాన్యమున నాగారము, కీసర ప్రాంతములను చూడుడు. ఇండ్లు పెరిగి పొలములు తగ్గినవి, కాని కొనువారు గట్టు ప్రక్కకే వచ్చిరి. అక్కడ ఇరువది మంది ఆకుకూరల రైతులు ఒక సంఘమై, అపార్టుమెంట్లకు తెల్లవారుసరికి కూర అందించదలచిరి అనుకొందము. చేతిలో కొద్ది సొమ్ము గలదు. శీతల గది కట్టుదమని కొందరు, వ్యాను కొందమని కొందరు అందురు. ఎవరి గొంతు పెద్దదైన వారి మాటయే నెగ్గుట మనము ఎరిగినదే.

అట్టి సమయమున గోడకు ఒక పెద్ద కాగితము అంటించి, పైన ఆశయమును ఒక్క వాక్యములో వ్రాయవలెను. దాని క్రింద గళ్ళు గీసి, ఆ ఆశయమునకు కావలసిన శక్తులను వ్రాయవలెను: వంతులవారీగా విత్తుట, మందు చల్లిన తేదీ నమోదు, కోసి కట్టలు కట్టుట, వేకువనే ఒకచోట చేర్చుట, ధర తెలిసికొనుట, బాకీ వసూలు, పద్దులు. గడిలో మనిషి పేరుగాని యంత్రము పేరుగాని వ్రాయరాదు. "వ్యాను" శక్తి కాదు. "వేళకు చేర్చుట" శక్తి. అది అద్దె ఆటోతోనైనను నెరవేరును. ఈ తేడా పట్టుబడినచో సగము తగవులు తీరును.

తరువాత బాగుగా సాగుచున్న గడికి ఆకుపచ్చ రంగు, సాగని గడికి ఎరుపు రంగు వేయుడు. ఇచట మొగమాటము పనికిరాదు. మన సంఘములో ఎరుపు ఎక్కడ పడినదో చూడుడు. పాలకూర, తోటకూర విత్తిన సుమారు నాలుగు వారములకు కోతకు వచ్చును. ఇరువది మందియు ఒకే వారము విత్తినచో ఒకసారి కూర కుప్పలుపడును, మరొకసారి కట్టయైనను దొరకదు. సాయంత్రము కోసి ఉదయమే అమ్ముదానికి శీతల గదితో అంత పని లేదు. కావలసినది విత్తు వంతులు, బాకీల పుస్తకము. రెండింటికిని ఖర్చు స్వల్పమే.

అన్ని శక్తులును మనమే సంపాదించవలెనని లేదు. మిగులు సరుకు అమ్ముటకు కుషాయిగూడ రైతు బజారు, బోయినపల్లి మార్కెట్టు ఉండనే ఉన్నవి. కాని కొనువారి నమ్మకము నిలుపు మందుల నమోదును ఇతరులకు అప్పగించరాదు.

1956లో ఏర్పడిన ముల్కనూరు సహకార సంఘము ఈ పేరుతో పటము గీసినదో లేదో గాని, దాని నడక గమనింపదగినది. అప్పు ఇచ్చుట, ఎరువులు, విత్తనములు సరఫరా చేయుట, పంట అమ్మిపెట్టుట ఒకదానితో ఒకటి ముడిపడియున్నవి. పంట సంఘము ద్వారా అమ్ముడైనచో అప్పు వసూలు సులువగును. కనుకనే గళ్ళ మధ్య బాణపు గుర్తులు కూడ గీయవలెను. ఏది ఏ దానిపై ఆధారపడునో తెలియనిదే ఎరుపు గళ్ళలో మొదట దేనిని బాగుచేయవలెనో తేలదు.

పటమును ప్రతి పంటకాలము ముందు సభ్యులందరి ఎదుట విప్పి రంగులు మార్చుడు. ఆశయము మారి, టమాట నిలువచేసి అమ్మదలచిననాడు శీతల గది మాట మరల ఎత్తవచ్చును.