ఫోన్‌లో నేర్చిన అరబిక్, అమ్మాన్‌లో మాట్లాడాలంటే
ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: లాక్‌డౌన్‌లో ఊసుపోక ఆన్‌లైన్‌లో అరబిక్ మొదలుపెట్టాను. ఆ తర్వాత వదల్లేకపోయాను. ఇప్పుడు డిగ్రీ అయిపోయింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని పేపర్ చదవగలను, వ్యాకరణంలో మంచి మార్కులే వస్తాయి. కానీ అరబ్బులెవరైనా ఎదురుపడి పలకరిస్తే నోట మాట రాదు. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో రెండు నెలల ఇంటెన్సివ్ కోర్సు చేద్దామనుకుంటున్నాను. నాన్నేమో, ఇన్నాళ్లూ ఫోన్‌లోనే నేర్చుకున్నావు కదా, ఇంత డబ్బు దేనికి అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: వెళ్లండి. అయితే నాన్నగారి మాటను తీసిపారేయకండి. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగాన్ని వాడుకుంటేనే మీ డబ్బు దక్కుతుంది.

2020 మార్చిలో కరోనా వల్ల జోర్డాన్ విమానాశ్రయాలు మూసేసి దేశమంతా కర్ఫ్యూ పెట్టింది. అరబిక్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు హడావిడిగా ఇళ్లకు వెళ్లిపోయారు, పాఠాలు జూమ్‌లోకి మారాయి. దానివల్ల ఒక మేలు జరిగింది. లిపి, క్రియారూపాలు, పదజాలం, వ్యాసరచన, ఇవన్నీ మంచి టీచర్ దొరికితే ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చని తేలిపోయింది. అమ్మాన్ వెళ్లి అద్దె కట్టుకుంటూ అక్షరాలు దిద్దాల్సిన అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు. రానిదల్లా మీరు చెప్పిన ఆ ఒక్కటే. స్క్రీన్ మీద ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. టీచర్ మీ కోసం ఆగుతారు. వీధిలో ఎవరూ ఆగరు. తరగతులు మళ్లీ తెరిచిన కొత్తలో మాస్కులు ఇంకో ఇబ్బంది. గొంతు లోపలి నుంచి పలికే శబ్దాలున్న భాషను నోరు కనిపించకుండా నేర్పడం ఎంత కష్టమో నేర్పినవాళ్లకే తెలుసు. ఆ ఏళ్లలో మొదలుపెట్టిన వాళ్లలో మీలాంటివాళ్లను చాలామందిని చూశాను. చదువు బాగుంటుంది, చెవి వెనకబడి ఉంటుంది. మీ లోపమేమీ లేదు, మీకు దొరికిన సాధనం అలాంటిది.

ఇక లెక్క చూద్దాం. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్య సిబ్బందికి అరబిక్ నేర్పడానికి సుమారు 2,200 తరగతి గంటలు పడతాయని చెబుతుంది. వారానికి 20 గంటల చొప్పున 8 వారాలంటే 160 గంటలు. అందులో పదో వంతు కూడా కాదు. కాబట్టి రెండు నెలలు వెళ్లొస్తే భాష వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీరు అక్కడికి వెళ్లేది ఆ 160 గంటల కోసం కాదు, క్లాసు అయ్యాక మిగిలే పొద్దు కోసం.

ఆ పొద్దు ఎలా ఉంటుందో చెబుతాను. రొట్టెల దుకాణంలో రొట్టెలు కిలోల లెక్కన అమ్ముతారు. మీరు పుస్తకంలో ‘నిస్ఫ్’ అని నేర్చుకున్న సగం అక్కడ ‘నుస్’. ‘ఏమిటి’ అనడానికి మీకు వచ్చిన ‘మాధా’ ఎవరి నోటా వినిపించదు, అందరూ ‘షూ’ అంటారు. వెనక నలుగురు నిలబడి ఉంటారు, కొట్టువాడు మీ వంక చూస్తుంటాడు, నోరు తెరవక తప్పదు. చిన్నయసూరి వ్యాకరణం చదివి తెలుగు నేర్చుకున్న దొర రైతుబజారులో టమాటాలు బేరమాడితే ఎలా ఉంటుందో, మొదటి వారం మీ పరిస్థితి అదే. ఎవరూ ఎగతాళి చేయరు. పరదేశి ఫుస్‌హా, అంటే గ్రాంథిక అరబిక్, మాట్లాడుతుంటే ముచ్చటపడతారు. కానీ జవాబు మాత్రం వాడుక భాషలోనే వస్తుంది. అందుకని టికెట్ కొనేముందే మూడు నెలలు ఆన్‌లైన్‌లో షామీ మాండలికం మొదలుపెట్టండి. జోర్డాన్, పాలస్తీనా, సిరియా, లెబనాన్ వైపు మాట్లాడేది అదే. నాన్నగారు చెప్పిన ఫోన్ ఇక్కడ పనికొస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరితో ఉంటారన్నది. తోటి విదేశీ విద్యార్థులతో కలిసి ఫ్లాట్ తీసుకుంటే రెండు నెలల్లో మీ ఇంగ్లీష్ బాగుపడుతుంది. స్థానిక కుటుంబంతో ఉండే ఏర్పాటు అడగండి. అది కుదరకపోతే, ఇంటి గడప లోపల కూడా అరబిక్ తప్ప మాట్లాడబోమని తోటివాళ్లతో ఒప్పందం చేసుకోండి. కొన్ని కోర్సుల్లో దీన్ని ప్రతిజ్ఞగా రాయించి సంతకం తీసుకుంటారు. మొదటి పది రోజులు మీ వయసు నాలుగేళ్లకు పడిపోయినట్టు ఉంటుంది, ఏడుపు కూడా వస్తుంది. సరిగ్గా అప్పుడే చాలామంది హెడ్‌ఫోన్లు పెట్టుకుని గదిలోకి వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి.

ప్రశ్న: కైరో, అమ్మాన్, మొరాకో, వీటిలో ఏది మంచిది? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఒకప్పుడు ఈ ప్రశ్నకు చాలామంది డమాస్కస్ అనేవారు. చవక, మంచి టీచర్లు, పాత బస్తీలో గదులు. 2011లో సిరియాలో యుద్ధం మొదలయ్యాక ఆ విద్యార్థుల్లో చాలామంది అమ్మాన్ దారి పట్టారు. 1967 నుంచి కైరోలో నడుస్తున్న కాసా అనే ప్రఖ్యాత అమెరికన్ కార్యక్రమం కూడా, ఈజిప్టు అల్లర్ల వల్ల 2013లో అమ్మాన్‌లో తరగతులు పెట్టుకోవాల్సి వచ్చింది. కాబట్టి ‘ఏది మంచిది’ అన్నదానికి రాజకీయాలను బట్టి, ఏడాదిని బట్టి జవాబు మారుతుంటుంది.

ఖర్చు చూస్తే కైరో నయం. 2022 నుంచి ఈజిప్టు పౌండు విలువ బాగా పడిపోయింది కాబట్టి బయటి డబ్బుతో వెళ్లేవారికి వెసులుబాటు. సినిమాలు, పాటల పుణ్యమా అని ఈజిప్టు మాట అరబ్ దేశాలన్నిటా అర్థమవుతుంది. అక్కడి అమెరికన్ యూనివర్సిటీలో అరబిక్ బోధన 1921 నుంచి ఉంది. అమ్మాన్ ప్రశాంతంగా ఉంటుంది, పద్ధతిగా నేర్పుతారు, కానీ జోర్డాన్ దీనార్ ఒక్కటీ దాదాపు 1.41 డాలర్లు, జేబు త్వరగా ఖాళీ అవుతుంది. మొరాకోలోని ఫెజ్‌లో 1983 నుంచి పేరున్న సంస్థ ఉంది, ఊరు అద్భుతం. అయితే అక్కడి వాడుక భాష దారిజా గల్ఫ్‌లో పనికిరాదు, అంగట్లో ఫ్రెంచ్ కూడా వినిపిస్తుంది. మీరు ఉత్తర ఆఫ్రికా చరిత్ర చదవబోతుంటే తప్ప మొదటి ప్రయాణానికి దాన్ని ఎంచుకోవద్దంటాను.

ప్రశ్న: మేముండేది టెక్సాస్‌లో. మా అమ్మాయి అరబిక్ చదువుతోంది. అమెరికా ప్రభుత్వమే ఖర్చు పెట్టుకునే క్రిటికల్ లాంగ్వేజ్ స్కాలర్‌షిప్ వచ్చింది, జోర్డాన్ పంపుతారట. కరోనాలో ఎక్కడివాళ్లు అక్కడ ఇరుక్కుపోవడం చూశాం. ఇప్పుడు చుట్టూ యుద్ధాలు. పైగా అమ్మాయి శాకాహారి. నాకు నిద్ర పట్టడం లేదండీ.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ భయం ఉత్తిదని చెప్పను. 2024 ఏప్రిల్‌లో, మళ్లీ 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ దాడుల సమయంలో జోర్డాన్ తన గగనతలాన్ని కొంతసేపు మూసేసింది. అలాంటిది మళ్లీ జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇవ్వగలిగినవి వేరే ఉన్నాయి, అవి అడిగి తెలుసుకోండి. అత్యవసరమైతే విద్యార్థులను ఎవరు, ఎలా బయటకు తెస్తారు? బీమాలో ఆస్పత్రి ఖర్చుతో పాటు తరలింపు ఖర్చు కూడా ఉందా? కార్యక్రమం మధ్యలో ఆగిపోతే మిగిలిన చదువు ఆన్‌లైన్‌లో పూర్తవుతుందా, క్రెడిట్లు వస్తాయా? కరోనా ఏళ్లలో ఈ స్కాలర్‌షిప్ ప్రయాణాలు మాని ఆన్‌లైన్‌లోనే నడిచింది కాబట్టి అలాంటి ఏర్పాటు వాళ్లకు కొత్త కాదు. సూటిగా జవాబు వస్తే పంపండి. నాలుగు దేశాల విద్యార్థులను చూసుకునే అనుభవమున్న సంస్థ ఇలాంటి ప్రశ్నలకు విసుక్కోదు.

భోజనం గురించి బెంగ వద్దు. హుమ్ముస్, ఫలాఫిల్, ఫూల్ అనే ఉడికించిన చిక్కుడు గింజలు, పెరుగును వడకట్టి చేసే లబ్‌నె, బియ్యం-మసూరు పప్పు కలిపి వండే ముజద్దర, ఇవన్నీ అక్కడ రోజువారీ తిండే. మాంసం తినను అని ఒక వాక్యం నేర్పించి పంపితే చాలు. కుటుంబంతో ఉంటే మాత్రం ముందే చెప్పాలి, లేకపోతే అతిథి వచ్చిందని గొర్రెమాంసంతో మన్సఫ్ వండి పెడతారు, వద్దంటే ఆ ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుంది.

ఒక్క మాట చనువుగా చెబుతున్నాను. రోజూ రెండు గంటలు వీడియో కాల్ చేయకండి. అమ్మాయి ఆ రెండు గంటలూ తెలుగులోకి, ఇంట్లోకి వచ్చేస్తుంది, మళ్లీ అరబిక్‌లోకి దిగడానికి మర్నాడు మధ్యాహ్నం అవుతుంది. క్షేమంగా ఉన్నానని రోజూ ఒక మెసేజ్, వారాంతంలో తీరికగా ఫోన్. అక్కడ సెలవు శుక్ర, శనివారాలు, ఆదివారం బడి ఉంటుంది, గుర్తుంచుకోండి.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి ఖురాన్ చదువుతాను, అర్థం తెలియదు. నలభై దాటాక భాషగా నేర్చుకోవాలని కోరిక. కుర్రవాళ్ల మధ్య నిలబడగలనా?
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: నిలబడతారు. ఆ కుర్రవాళ్లు నెలల తరబడి కుస్తీ పట్టే ఉచ్చారణ మీకు బాల్యంలోనే వచ్చేసింది. మీకు ఎదురయ్యే చిక్కు వేరు. పేపర్లలో, పుస్తకాల్లో జేర్, జబర్, పేష్ అనే అచ్చుల గుర్తులు ఉండవు, పదం తెలిస్తేనే సరిగా చదవగలరు. చేరేటప్పుడు పెట్టే స్థాయి పరీక్షలో మీరు గడగడా చదివితే పై తరగతిలో వేసేస్తారు, అక్కడ ఒక్క ముక్క అర్థం కాదు. చదవగలను, అర్థం తెలియదు అని ముందే చెప్పండి. రంజాన్ నెలలో వెళ్తే తరగతుల వేళలు కుదిస్తారు, కానీ ఇఫ్తార్‌కు పిలిచే ఇళ్లు ఎక్కువ. మీకైతే అదే మంచి సమయం అనిపిస్తోంది.

ప్రశ్న: విదేశం వెళ్లే స్తోమత లేదు. ఇక్కడే ఏదైనా దారి ఉందా?
- ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ఉంది, మీకు బస్సు దూరంలోనే. హైదరాబాద్‌లో ఇఫ్లూ, ఉస్మానియా, మనూ, మూడు విశ్వవిద్యాలయాల్లోనూ అరబిక్ విభాగాలున్నాయి. 1888లో పుట్టిన దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ పాత అరబిక్ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేస్తూ వచ్చింది, ఆ పుస్తకాలకు అరబ్ దేశాల్లోనూ గౌరవం ఉంది. మాట్లాడే అభ్యాసానికైతే టోలిచౌకి వెళ్లండి. యెమెన్, సూడాన్ లాంటి దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లు ఆ చుట్టుపక్కల ఉంటారు. వాళ్లలో చాలామందికి ఇంగ్లీష్ మెరుగుపరచుకోవాలని ఉంటుంది. గంట ఇంగ్లీష్‌కు గంట అరబిక్ అని మాట్లాడుకోండి, ఎవరికీ రూపాయి ఖర్చు కాదు. అరబ్ దేశాల నుంచి చికిత్సకు వచ్చేవారి కోసం నగరంలోని పెద్ద ఆస్పత్రులు దుబాసీలను పెట్టుకుంటాయి. కాస్త పట్టు దొరికాక అక్కడ అడిగి చూడండి. జీతం వస్తుంది, రోజంతా అరబిక్ చెవిన పడుతుంది.