కంటికి తెలుగు, చెవికి గందరగోళం

నందిగామలో ఒక ఆఫీసు ఉందనుకుందాం. అందులో చూపులేని గుమాస్తా ఒకాయన కంప్యూటరు మీద పనిచేస్తున్నారు. జగ్గయ్యపేటలో డి.టి.పి. చేయించిన తెలుగు ఉత్తరం ఒకటి ఆయనకు ఫైలుగా వచ్చింది. సాయంత్రంలోగా జవాబు పంపాలి. పక్క బల్ల ఆయన తొంగిచూస్తే తెరమీద ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. గుమాస్తాగారి చెవికి మాత్రం ఇంగ్లీషు అక్షరాల ముక్కలూ, డాలరూ, కామా, చుక్కా వినిపిస్తున్నాయి. ఒక్క తెలుగు మాట లేదు!

కంప్యూటరు చెడిపోలేదు. మరి తప్పెక్కడుంది?

చూపులేనివారు కంప్యూటరును ఎలా వాడతారో ముందు చూద్దాం. వారికి మౌసుతో పని తక్కువ, కీబోర్డే ఆధారం. తెరమీది సంగతులను పైకి చదివి వినిపించే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దాన్ని స్క్రీన్ రీడర్ అంటారు. పేరు విని అది మనలాగే తెరను చూసి చదువుతుందనుకునేరు! మామూలుగా అది తెరను చూడనే చూడదు. "ఇప్పుడు నీ దగ్గర ఏముంది?" అని వర్డ్‌నో, ఎక్సెల్‌నో అడుగుతుంది. "ఇది బొత్తాం, దీని పేరు సేవ్" అని ఆ ప్రోగ్రాము చెబితే, దాన్నే మాటగా మార్చి వినిపిస్తుంది. ప్రోగ్రాము రాసినవారు బొత్తాం మీద బొమ్మ గీసి, పేరు పెట్టడం మరిచిపోయారనుకోండి. స్క్రీన్ రీడర్ "బొత్తాం" అని ఊరుకుంటుంది. పది బొత్తాలుంటే పదిసార్లూ అదే మాట. వాటిలో ఫైలును దాచేదేది, చెరిపేసేదేది?

అక్షరాల సంగతీ అంతే. కంప్యూటరుకు అక్షరాలు రావు, అంకెలే వస్తాయి. ప్రపంచంలోని లిపుల అక్షరాలకు విడివిడిగా అంకెలు కేటాయించిన పద్ధతిని యూనికోడ్ అంటారు. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. 3072 నుంచి 3199 దాకా, 128 స్థానాలు మనవి. "నందిగామ" కంటికి నాలుగక్షరాలే. కంప్యూటరుకు ఏడు అంకెలు: న 3112, సున్న 3074, ద 3110, గుడి 3135, గ 3095, దీర్ఘం 3134, మ 3118. కావాలంటే ఎక్సెల్ గడిలో సమానం గుర్తు పెట్టి, ఇంగ్లీషులో యూనిచార్ అని కొట్టి, బ్రాకెట్లలో 3112 వేసి ఎంటర్ నొక్కండి. "న" ప్రత్యక్షమవుతుంది. (ఎక్సెల్ మరీ పాతదైతే రాదు. 2013 నాటిది గాని, తరువాతిది గాని కావాలి.)

ఈ ఏడు అంకెలూ అందితే స్క్రీన్ రీడర్ "నందిగామ" అని పలుకుతుంది. జగ్గయ్యపేట ఉత్తరంలో ఉన్నవి ఈ అంకెలు కావు. తెలుగుకు స్థానాలు దొరికినా, వాటిని తెరమీద సరిగా కూర్చి చూపడం ప్రోగ్రాములకు వెంటనే రాలేదు. విండోస్‌లో ఆ సదుపాయం 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. అచ్చుపని అందాకా ఆగుతుందా? అందుకని ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు తలకట్లూ, ఒత్తులూ, గుణింతపు ముక్కలూ బొమ్మలుగా కూర్చిన ఫాంట్లు తయారుచేశారు. ఫైలులో ఉండేది ఇంగ్లీషు అంకె, పైన కనబడేది తెలుగు బొమ్మ. ఒక విధంగా ఇది వేషం. పెళ్లిపత్రికకు ఈ వేషం చాలు, ఎందుకంటే కాగితానికి అంకెలతో పనిలేదు. వేషాన్ని చూడలేని స్క్రీన్ రీడర్ మాత్రం లోపలి ఇంగ్లీషునే చదివేస్తుంది. డి.టి.పి. వారిని తప్పుపట్టి లాభం లేదు. వారడిగిందీ, మనమిచ్చిందీ కాగితం మీది పనే. కాగితం కోసం చేసిన ఫైలును ఆఫీసులకు పంపడం మొదలుపెట్టినప్పుడు వచ్చింది చిక్కు.

అక్షరాలు సరిగా ఉన్నంత మాత్రాన పని పూర్తికాదు. నలభై పేజీల నివేదికలో మనకు కావలసిన భాగాన్ని కన్ను లావుపాటి శీర్షికలను బట్టి పట్టేస్తుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. వర్డ్‌లో అక్షరాలను లావు చేస్తే అది లావు అక్షరమే గాని, ప్రోగ్రాము లెక్కలో శీర్షిక కాదు. "హెడింగ్ 1" అనే శైలిని ఎంచుకుంటేనే శీర్షిక. అప్పుడు ఎన్.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడర్‌లో ఇన్సర్ట్‌తో స్పేస్ నొక్కి, ఆపైన హెచ్ నొక్కుతూపోతే శీర్షిక నుంచి శీర్షికకు దూకవచ్చు.

ఈ ఎన్.వి.డి.ఎ. కథ ముచ్చటైనది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో దీన్ని ప్రారంభించాడు. తోడుగా వచ్చిన జేమ్స్ టే కూడా చూపులేనివాడే. అప్పటి స్క్రీన్ రీడర్లు కొనబోతే కంప్యూటరు కంటే ఖరీదయ్యేవి. వీరు దాన్ని ఉచితంగా ఇచ్చారు. దానితోపాటే వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. యంత్రం మాట్లాడినట్టే ఉంటుంది గాని, అలవాటుపడ్డవారు మనం అందుకోలేనంత వేగంగా పెట్టుకుని వింటారు.

మీ బడి నోటీసు ఫైలును మీరే పరీక్షించవచ్చు. అందులో నాలుగు పంక్తులు కాపీచేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు తెలుగుగానే ఉంటే అది యూనికోడ్. పిచ్చి ఇంగ్లీషుగా మారితే వేషమన్నమాట. అసలు కాపీయే కాకపోతే అది బహుశా కాగితానికి తీసిన ఫొటో. రెండో రకాన్ని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములున్నాయి. మార్చాక ఒకసారి ఒత్తులూ, సున్నలూ సరిచూడండి, అవి తారుమారవుతుంటాయి.