ఆమె స్టేటస్ చూడందే నిద్ర పట్టదు

ప్రశ్న: మాది మద్దేడ్. నాలుగేళ్లు ప్రేమించిన అమ్మాయికి వేసవిలో భోపాలపట్నంలో పెళ్లయింది. రాత్రిళ్లు ఆమె వాట్సాప్ స్టేటస్ చూస్తూ కూర్చుంటున్నా. ఎలా మరిచిపోవాలి?

జవాబు: మరిచిపోవాలని మనసుతో కుస్తీ పట్టకండి. మరిచిపోలేకపోవడం మీ బలహీనత కాదు. 2010లో పరిశోధకురాలు హెలెన్ ఫిషర్ బృందం ప్రేమ విఫలమైన 15 మంది మెదడును స్కాన్ చేసింది. వదిలి వెళ్లినవారి ఫొటో చూడగానే, కొకైన్ తపనతో ముడిపడిన భాగాలే చురుకయ్యాయి. అందుకే ఒక్క స్టేటస్ చూసినా మానుతున్న పుండు మళ్లీ రేగుతుంది. ఈ రాత్రే ఆమె నంబరు తీసేయండి. ఫోన్ వంటింట్లో చార్జింగ్‌కు పెట్టి, మీరు వాకిట్లో మంచం వేసుకోండి. ఆమె కాపురం జోలికి మాత్రం వెళ్లొద్దు, ఒక్క మెసేజ్ కూడా వద్దు. రెండు వారాలైనా తిండి, నిద్ర గాడిన పడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆ రెండు వారాలూ ఆగకండి, అర్ధరాత్రైనా చేయండి, పలుకుతారు.