మనసు మాట వినే చదువు

పత్తికొండ ప్రాంతంలో వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఒక రైతు ఆసుపత్రికి వచ్చాడనుకోండి. "మనసు బాగాలేదు" అని అతడు చెప్పడు. "ఎదలో దడదడ అంటాంది, నిద్దర పట్టదు, బువ్వ సయించదు" అంటాడు. పరీక్షలలో గుండెకు ఏ లోపమూ కనిపించదు. అప్పు మాట చిట్టచివర వస్తుంది; అదీ ఓపికగా అడిగితేనే. ఆ మాటల వెనుక దాగిన దుఃఖాన్ని పోల్చుకొని, దాని తీవ్రతను కొలిచి, సంభాషణ ద్వారా చికిత్స చేసేవాడు క్లినికల్ సైకాలజిస్టు. మందులు రాయడం ఇతని పని కాదు, అది సైకియాట్రిస్టుది.

1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్‌నర్ విట్మర్ తొలి మనస్తత్వ చికిత్సాలయాన్ని నెలకొల్పాడు. అక్షరక్రమం పట్టుబడక బాధపడుతున్న బాలుడొకడు అతని దగ్గరకు మొదట వచ్చినవారిలో ఉన్నాడు. చికిత్సతో మొదలైన ఈ విద్యలో డాక్టరేటు మాత్రం చాలాకాలం పరిశోధనకే ఇచ్చేవారు. శాస్త్రజ్ఞుడూ చికిత్సకుడూ ఒక్కరిలోనే ఉండాలని 1949లో బౌల్డరు సమావేశం ఆశించింది గాని, ఆచరణలో సిద్ధాంతగ్రంథానిదే పైచేయి అయింది. ఛందస్సుపై గ్రంథం రాసిన పండితుడు పద్యం చెప్పగలడన్న హామీ ఏముంది? ఈ సందేహమే సై.డి. పట్టానికి మూలం. 1968లో ఇల్లినాయి విశ్వవిద్యాలయం డొనాల్డ్ పీటర్సన్ సారథ్యంలో దానిని ప్రారంభించగా, 1973లో వెయిల్ సమావేశం ఆ మార్గాన్ని సమర్థించింది. ఇందులోనూ పరిశోధన ఉంటుంది. అయితే అధిక భాగం గురువు పర్యవేక్షణలో రోగులతో గడిపే కాలమే.

భారతదేశంలో ఈ వృత్తిశిక్షణ 1992 నాటి చట్టం కింద ఏర్పడిన పునరావాస మండలి పరిధిలోనిది. మండలి గుర్తించిన చదువులలో సై.డి. కూడా ఉంది. అయినా ఇక్కడ ఎక్కువమంది నడిచిన దారి రెండేళ్ల ఎం.ఫిల్. 2022లో యూజీసీ ఎం.ఫిల్. పట్టాన్ని నిలిపివేసినా, ఈ శాఖలో 2025-26 వరకు ప్రవేశాలకు వెసులుబాటు కల్పించింది.

కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో సైకాలజీ శాఖ ఉంది. చికిత్సాశిక్షణకు మాత్రం సీమ విద్యార్థులు తరచు బెంగుళూరు వైపు చూస్తారు. 1974లో రూపుదిద్దుకొన్న నిమ్‌హాన్స్ ఉన్నది అక్కడే. విశాఖపట్నం కన్న కర్నూలుకు అది ఎంతో దగ్గర.

అక్కడ చదువు ఇంగ్లీషులో సాగుతుంది. తిరిగివచ్చాక వినవలసినది సీమ తెలుగు. అసలు చిక్కు ఇక్కడే. దిగులును నీలిరంగుతో చెప్పే ఇంగ్లీషు ప్రశ్నను మాటకు మాట తెలిగిస్తే ఆదోని రైతుకు నవ్వు వస్తుంది. "గాలి సోకింది" అని ఒక తల్లి తన కూతురిని గురించి చెప్పినపుడు దానిని మూఢనమ్మకమని తోసిపుచ్చితే ఆమె మరల రాదు. "ఎప్పటి నుంచమ్మా, ఆ ముందు ఇంట్లో ఏం జరిగింది?" అని అడిగితే, ఆగిపోయిన చదువో, ఇష్టంలేని పెళ్లిచూపులో బయటపడవచ్చు. ఆ ప్రశ్న ఎప్పుడు వేయాలో పుస్తకంలో దొరకదు. గురువు పక్కన కూర్చొని, ఒక్కొక్క రోగి దగ్గరే నేర్చుకోవలసి ఉంటుంది.